ఉమ్మడి గోడ

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం, అందులోనూ ఇంత ఉక్కపోతలో, ఒక నవల గురించి వినడానికి శ్రీకాకుళంలో ఇంతమంది వచ్చినందుకు చాలా సంతోషంగా ఉంది. ముందు వరసలో మా వీధి వాళ్లు నలుగురైదుగురు కనిపిస్తున్నారు. వాళ్లని చూస్తే కొంచెం టెన్షన్‌గానూ ఉంది, ఎందుకంటే నేను మాట్లాడబోయేదంతా వీధి గురించే. తప్పు చెబితే లేచి దిద్దండి, ఏమీ అనుకోను.

చారిత్రక ప్రేమ నవల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మూడేళ్లుగా నేనొకటి రాస్తున్నాను. ఇంకా అచ్చు కాలేదు. కథ ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు: పక్కపక్క ఇళ్లలో పెరిగిన అబ్బాయి, అమ్మాయి ఒకరి మీద ఒకరు మనసు పడ్డారు. పొందూరు దరిదాపుల్లో ఒక నేతగాళ్ల వీధి. ఊరు నేను ఊహించుకున్నదే, పేరు పెట్టలేదు. కాలం 1921 నుంచి 1930 దాకా. అమ్మాయి పేరు సూరమ్మ, నూలు వడుకుతుంది. అబ్బాయి కూర్మయ్య, మగ్గం నేస్తాడు. అరసవల్లి సూర్యనారాయణుడు ఒకరికి, శ్రీకూర్మం స్వామి ఇంకొకరికి పేరు పెట్టారు. మన జిల్లా మనుషుల పేర్లు వింటే చాలు, ఏ గుడికి మొక్కుకుంటే పుట్టారో తెలిసిపోతుంది.

తెలిసిన ప్రచురణకర్త ఒకాయన ఈ కథ విని, "చారిత్రకం అంటున్నారు, మరి రాజు ఏడీ? కోట ఏదీ? యుద్ధం ఏదీ?" అని అడిగారు. ఆయన అలా అడగడంలో తప్పు లేదు. మన ఉత్తరాంధ్రలో చరిత్ర అనగానే 1757 జనవరి 24, బొబ్బిలి యుద్ధం. ఆ తర్వాత 1794 జూలై 10, పద్మనాభం, విజయనగరం రాజు చిన్న విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సైన్యం మీద పోరాడి నేలకొరిగిన చోటు. అవి పెద్ద సంగతులే. వాటి మీద కథ అల్లేవాళ్లు అల్లుతారు, అల్లాలి కూడా. నన్ను పట్టుకుని వదలని ప్రశ్న మాత్రం వేరే. ఆ ఇద్దరూ అసలు పక్కింటివాళ్లు ఎలా అయ్యారు?

ఇదేం ప్రశ్న అనుకోకండి. మన పల్లెల్లో పాత వీధులు ఎలా ఉంటాయో మీకు తెలుసు. ఇళ్లు విడివిడిగా ఉండవు. వీధికి అటొక వరస, ఇటొక వరస. ఈ ఇంటి పక్కగోడే ఆ ఇంటికీ పక్కగోడ. ముందు అరుగు, తర్వాత నడవ, లోపల గది, వంటిల్లు, వెనక పెరడు, నుయ్యి. వరస ఈ చివర అరుగు ఎక్కితే, కింద కాలు పెట్టకుండా ఆ చివరికి నడిచిపోవచ్చు. మరి ఇలా ఒక్క కప్పు కిందున్నట్టు బతికినవాళ్లు ఎవరు? చాలాచోట్ల అన్నదమ్ములు, వాళ్ల పిల్లలు, ఆ పిల్లల పిల్లలు. వేరుపడ్డప్పుడల్లా మధ్యలో ఒక గోడ లేచేది. అంటే వరసంతా ఒకే ఇంటిపేరు. ఒకే ఇంటిపేరయితే అన్నాచెల్లెళ్లే. మరింక ప్రేమకథ ఎక్కడిది?

నవల మొదలుపెట్టిన ఆరు నెలలకి ఈ సంగతి తట్టింది. అప్పటికి నూట ఇరవై పేజీలు రాశాను. అవన్నీ పక్కన పెట్టేశాను. ఈ ఒక్క ముడి విప్పకుండా ముందుకెళితే నేను రాసేది ఇప్పటి అపార్టుమెంటు ప్రేమే అవుతుంది, పాత చీర కట్టినంత మాత్రాన పాతదైపోదు. మన అపార్టుమెంటులో పక్క ఫ్లాటుకి ఎవరైనా రావచ్చు. ఆ రోజుల్లో పక్కింట్లోకి ఎవరు పడితే వాళ్లు రారు. వేరే ఇంటిపేరు వాళ్లు రావాలంటే ముందు ఆ ఇల్లు ఖాళీ అవ్వాలి. ఎందుకు ఖాళీ అయింది? ఉన్నవాళ్లు ఏమయ్యారు?

జవాబు మనలో చాలామంది ఇళ్లలోనే ఉంది. రంగం.

పెద్దవాళ్లు తలూపుతున్నారు. పిల్లల కోసం చెబుతాను. రంగూన్‌ని మనవాళ్లు రంగం అన్నారు. "రంగం ఎల్లిపోనాడు" అంటే బర్మా పోయాడని. కళింగపట్నం, బారువ, భీమిలి రేవుల నుంచి మన కూలీజనం ఓడలెక్కారు. అక్కడ రేవులో బస్తాలు మోశారు, బియ్యం మిల్లుల్లో పని చేశారు, రిక్షాలు లాగారు. విశాఖపట్నం హార్బరు 1933లో గానీ తెరవలేదు. అంతకు ముందు ఓడ సముద్రంలో దూరాన ఆగేది, మనుషులు మసూలా పడవల్లో అలలు దాటి దాని దగ్గరికి చేరాలి. ఆ పడవలకి మేకులుండవు, పలకల్ని కొబ్బరిపీచు తాడుతో కుట్టేవారు. మేకులు కొట్టిన పడవయితే మన తీరంలో అల కొట్టే దెబ్బకి విచ్చిపోతుంది, కుట్టిన పడవ ఒదిగి లేస్తుంది. గట్టున నిలబడ్డ తల్లికి కొడుకు కనబడేది ఆ పడవ అలెక్కినప్పుడే. అల దిగగానే కనబడడు. మళ్లీ ఎక్కుతుంది, మళ్లీ కనబడతాడు. ఈ ఒక్క సంగతి కోసం కళింగపట్నం వెళ్లి, లైట్‌హౌస్ దగ్గర గట్టున ఒక పూటంతా కూర్చున్నాను. ఇప్పుడక్కడ ఓడలు లేవు. అలలు అవే.

అలా వెళ్లినవాళ్లలో కొందరు డబ్బు తెచ్చి నేల కొన్నారు. కొందరు అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నారు. కొందరి కబురే లేదు. నా నవలలో ఆ ఇల్లు ఖాళీ అయింది ఇలాగే. ఇంటాయన రంగం పోయాడు, రాలేదు. ఆయన భార్య నాలుగేళ్లు చూసి, పిల్లల్ని తీసుకుని కన్నోరింటికి పోయింది. ఆ ఇంట్లోకి, మగ్గం పెట్టుకోడానికి చోటు వెతుక్కుంటూ వేరే ఊరి నుంచి, వేరే ఇంటిపేరుతో ఒక కుటుంబం వచ్చింది. వాళ్లకి ఆరేళ్ల కొడుకు. కూర్మయ్య. అప్పుడు నా కథకి కాళ్లొచ్చాయి. ఎవరో పరాయివాడి వలస ఈ ఇద్దరినీ పక్కింటివాళ్లని చేసింది. తర్వాత అదే రంగం మళ్లీ వచ్చి ఈ ఇద్దరి మధ్యా నిలబడుతుంది. ప్రచురణకర్తగారికి అప్పుడు జవాబు చెప్పాను: అయ్యా, నా నవలలో కోట ఆ గోడే.

ఆ గోడ సంగతి చెప్పాలి. ఇలాంటి వరస ఇళ్లలో చాలావాటికి మధ్యగోడ కప్పుదాకా వెళ్లదు. మనిషి నిలబడ్డ ఎత్తుకి కొంచెం పైదాకా మట్టిగోడ, దాని పైన ఖాళీ, ఆ పైన దూలాలు, తాటాకు. పిల్లి ఈ ఇంట్లో ఎక్కి ఆ ఇంట్లో దిగుతుంది. పక్కింట్లో ఎండుచేప వేపితే వాసన మనింట్లో అన్నంలోకి వచ్చేస్తుంది. వాళ్లు బుడ్డి వెలిగిస్తే ఆ వెలుతురు గోడ మీంచి మన తాటాకు కింద పడుతుంది. అంటే మొహం కనబడదు, మొహం తప్ప మిగతావన్నీ తెలుస్తాయి. ఎవరు ఎప్పుడు లేచారు, ఎవరు దగ్గుతున్నారు, ఏ రాత్రి ఎవరికి నిద్ర పట్టలేదు. వేసవిలో ఒక కొంపంటుకుంటే వరసంతా పోతుంది, కాబట్టి పక్కింట్లో పొయ్యి ఆర్పారా లేదా అన్నది కూడా మన సొంత విషయమే.

ఇలాంటి ఇంట్లో పెరిగిన ఇద్దరికి ఒకరినొకరు కలవడం పెద్ద సమస్య కాదు. రోజూ కలుస్తారు. నూతి దగ్గర, అరుగు మీద, వీధిలో. వాళ్లకి కరువైంది ఏకాంతం. ఈ మాట నాకు మెల్లగా అర్థమైంది. మనకి తెలిసిన ప్రేమకథల్లో సగం, ఇద్దరూ ఎలా కలుస్తారా అన్న దాని మీదే నడుస్తాయి. నా కథలో వాళ్లు పొద్దున్నుంచి రాత్రిదాకా ఒకరికొకరు వినబడుతూనే ఉంటారు. ఒక్క మాట మాత్రం అనుకోలేరు, ఎందుకంటే ఆ మాట పదిళ్లకి వినబడుతుంది.

మరి ప్రేమ ఎలా పుడుతుంది? పనిలో పుడుతుంది. ఇక్కడ కాస్త ఆగి, ఆ పని చూపించాలి.

పొందూరు సన్నఖద్దరు సంగతి మీకు కొత్త కాదు. ఇక్కడి పత్తికి పోగు పొట్టిది, కాని దాంతో నూరు కౌంటు నూలు, అంటే చాలా సన్నటి నూలు వడుకుతారు. ఆ పత్తిని గింజతో ఉండగానే ముందు దువ్వాలి. దువ్వేది దేంతో? వాలుగ చేప దవడతో. వాలుగ దవడ ఎముకలో పళ్లు చాలా సన్నగా, దగ్గరదగ్గరగా, లోపలికి వంగి ఉంటాయి. దానికో చిన్న పిడి కడతారు. గింజని రెండు వేళ్ల మధ్య పట్టుకుని, దాని చుట్టూ ఉన్న పత్తిని ఆ పళ్లతో మెల్లగా గీస్తారు. చెత్తా నలకా ఊడిపోయి, పోగులన్నీ ఒకే దిక్కుకి తిరిగి, గింజ చుట్టూ తెల్లటి వెంట్రుకలు నిక్కబొడుచుకున్నట్టు నిలబడతాయి. ఒక్కొక్క గింజా ఇలాగే దువ్వాలి. తర్వాత చెక్క మీద పెట్టి ఇనుప కడ్డీతో దొర్లించి గింజ తీస్తారు. చిన్న విల్లుతో ఏకుతారు. ఏకుల్ని చుట్టి, నలగకుండా ఎండిన అరటి డొప్పలో పెడతారు. ఆ డొప్పని ఎడంచేత్తో పట్టుకుని, కుడిచేత్తో రాట్నం తిప్పుతూ వడుకుతారు.

నేను ఒక పెద్దావిడ దగ్గర కూర్చుని ఆ దవడ చేతిలోకి తీసుకున్నాను. ఎంత తేలికో. నా చేత్తో ఒక గింజ దువ్వడానికి అయిదు నిమిషాలు పట్టింది, సగం పత్తి పీకేశాను. ఆవిడ నా చేతిలోంచి గింజ తీసుకుని, "అమ్మా, దీనికి నొప్పెట్టకూడదు" అంది. పత్తికి నొప్పెట్టకూడదట. ఆ మాట అలాగే తీసుకెళ్లి సూరమ్మ తల్లి నోట్లో పెట్టాను.

ఇప్పుడు గోడ అవతలికి రండి. కూర్మయ్యది గుంట మగ్గం. నేలలో గొయ్యి, గట్టు మీద కూర్చుని కాళ్లు లోపల పెట్టి తొక్కుతాడు. అడ్డపోగుని మోసే నాడె ఇటునుంచి అటు వెళుతుంది, పలక దెబ్బ పడుతుంది. మళ్లీ అటునుంచి ఇటు, మళ్లీ దెబ్బ. ఆ చప్పుడు గోడకి ఇవతల రాట్నం దగ్గర కూర్చున్న పిల్ల ఒంట్లోకి దిగిపోతుంది. పోగు తెగితే చప్పుడు ఆగుతుంది. తెగిన పోగు ముడి పెట్టడానికి ఎంతసేపు పడుతుందో ఆమెకి తెలుసు. ఆ కాసేపు దాటాక కూడా మగ్గం మోగలేదంటే, అతను వేరే దేన్నో తలుచుకుంటూ కూర్చున్నాడని. ఇంకో సంగతి, ఆ మగ్గం మీదున్నది ఆమె వడికిన నూలే. పోగు తెగినప్పుడల్లా తన చెయ్యి ఎక్కడో వణికిందని గోడ అవతల తెలిసిపోతుంది. నా నవలలో వాళ్లిద్దరి మొదటి సంభాషణ ఇదే. ఒక రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్క పోగు కూడా తెగలేదు. దీపాల వేళకి అతను గోడ వైపు తిరిగి, తల్లితో అన్నట్టుగా, "అమ్మా, ఈయేల నూలు బాగుందే" అన్నాడు. అంతే. పద్దెనిమిది పేజీల అధ్యాయంలో అతను అన్నది ఆ ఒక్క ముక్కే.

పడుగుకి, అంటే మగ్గం మీద నిలువుగా సాగే పోగులకి, గంజి పెట్టే పని కూడా ఉంది. తెల్లవారుజామున, ఎండ ముదరక ముందు, వీధిలో గుంజలు పాతి పడుగు బారుగా సాచుతారు. ఒక ఇంటి ముందు చోటు చాలదు. నాలుగైదిళ్ల అరుగుల ముందు నుంచి ఆ పడుగు పోవాలి. అంటే పక్కింటివాళ్లు ఒప్పుకోకపోతే బట్ట లేదు. కుంచెతో గంజి దువ్వుతూ ఈ చివర్నుంచి ఆ చివరికి నడుస్తుంటే, అంటుకున్న పోగుల్ని విడదీయడానికి పక్కింటి ఆడవాళ్లు కూడా చెయ్యి వేస్తారు. తెల్లని పడుగుకి అటు ఆమె, ఇటు అతను, మధ్యలో వందల పోగులు. ఈ సన్నివేశం రాయడం నాకు ఎంతో ఇష్టమైన పని. చాలాసార్లు రాశాను.

కాలం 1921 అని ఎందుకు పెట్టానంటే, ఆ ఏడాది మార్చి నెలాఖరులో, ఏప్రిల్ మొదటి రోజున బెజవాడలో కాంగ్రెస్ కమిటీ కూర్చుని దేశంలో 20 లక్షల రాట్నాలు తిరగాలని తీర్మానించింది. అంతకు ముందు నూలు వడకడం ఇంట్లో ఆడవాళ్లు చేసే పని. ఆ తర్వాత అది దేశం పని అయింది. సూరమ్మ లాంటి పిల్ల చేతికి విలువొచ్చింది. విలువొచ్చిన చేతిని ఏ తండ్రి తొందరగా బయటి ఊరికి పంపుతాడు? కథలో ఆమె పెళ్లి ఆలస్యం కావడానికి నేను పెట్టుకున్న కారణం అది.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. పోయిన నెల ఒక కాలేజీలో మాట్లాడినప్పుడు ఒక అమ్మాయి అడిగింది కూడా: "మేడమ్, ఆ రోజుల్లో పసిపిల్లలకే పెళ్లిళ్లు చేసేసేవారు కదా, ఇంక ప్రేమెక్కడిది?" మంచి ప్రశ్న. దీనికి మన విజయనగరం నుంచే సాక్ష్యం ఉంది. గురజాడ అప్పారావుగారు 1897లో అచ్చయిన కన్యాశుల్కం తొలి కూర్పుకి ఇంగ్లీషులో ఒక ముందుమాట రాశారు. ఆనంద గజపతి మహారాజు విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన శుల్కం పెళ్లిళ్ల జాబితా తయారుచేయించారట. మొత్తం 1,034 పెళ్లిళ్లు. అందులో అయిదేళ్ల పిల్లలు 99 మంది. నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు. ఏడాది పిల్లలు ముగ్గురు, వాళ్ల వెల ఒక్కొక్కరికి 350 నుంచి 400 రూపాయలు. ఈ అంకెలు చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. ఇంత తెలిసీ ఆ కాలం మీద తీయటి కథ రాయడం పాపం కాదా అని కూడా అనిపించింది.

కాని ఆ జాబితా ఒక కులానిది. అదే కాలంలో, అదే వీధుల్లో, కష్టజీవుల కుటుంబాల్లో లెక్కలు వేరు. ఓలి, అంటే పిల్ల తరఫువాళ్లకి సొమ్ము, ఇచ్చి పిల్లని తెచ్చుకునేవారు. మొగుడు పోతేనో, వదిలేస్తేనో మారుమనువు ఉండేది. అంతా బాగుందని నేను అనడం లేదు, అక్కడ ఏడుపులు అక్కడా ఉన్నాయి. నేననేది, అన్ని ఇళ్లనీ ఒకే ఇల్లుగా రాసేస్తే చరిత్రా పోతుంది, ప్రేమా పోతుంది అని. శారదా చట్టం 1930 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది, ఆడపిల్లకి 14 ఏళ్లు నిండాలని. నా నవల సరిగ్గా ఆ ఏడాదే ముగుస్తుంది. అప్పటికి సూరమ్మకి పదిహేడు. వీధిలో అందరికీ ఆమె పెళ్లే మాట.

ప్రేమ అన్న మాట కూడా నన్ను చాలా తిప్పలు పెట్టింది. కూర్మయ్య నోట్లో "నిన్ను ప్రేమిస్తున్నాను" అన్న వాక్యం ఎలా పెట్టను? పెట్టగానే అతను ఇప్పటి సినిమా కుర్రాడైపోతాడు. మనవాళ్లు "మనసు పడ్డాడు" అంటారు, "దాని మీద మనసైంది" అంటారు. అది కూడా పక్కవాళ్లు వీళ్ల గురించి అనేదే తప్ప, వీళ్లిద్దరూ ఒకరితో ఒకరు అనుకునేది కాదు. వాళ్ల మధ్య ఏ మాట నడిచింది? చాలా రోజులు వెతికాను. చివరికి అది మన వరసల్లో దొరికింది.

ఇది జాగ్రత్తగా వినండి, నా నవలంతా దీని మీదే నిలబడింది. మనం పక్కింటివాళ్లని పేరు పెట్టి పిలవం. చుట్టరికం ఉన్నా లేకపోయినా ఏదో వరస కలుపుతాం. అప్ప, బావ, మావ, వదిన. కూర్మయ్య కుటుంబం ఆ వీధికి వచ్చిన కొత్తలో, ఇద్దరు తల్లులూ అప్పచెల్లెళ్లలా కలిసిపోయారు. కాబట్టి ఆరేళ్ల పిల్లాడు పక్కింటావిడని "పిన్నీ" అన్నాడు. ఎంత మామూలు మాట! కాని పిన్ని కూతురు ఏమవుతుంది? చెల్లెలు అవుతుంది. అదే ఆ రోజు "అత్తా" అని ఉంటే, ఆ పిల్ల మరదలి వరస అయ్యేది. ఆరేళ్లప్పుడు తెలియక అన్న ఒక్క మాట, పద్దెనిమిదేళ్లప్పుడు గోడకన్నా గట్టిగా నిలబడింది. రక్తసంబంధం లేదు, ఇంటిపేరు వేరు, కులం ఒకటే, పెద్దవాళ్లు తలుచుకుంటే అభ్యంతరం లేదు. కాని ఊరంతా విన్న వరస. దాన్ని మార్చాలంటే, మార్చిన నోటినే ఊరంతా వినాలి. పిన్ని అనడం మానేసి అత్త అనడమంటే, ఇంక వేరే ఏమీ చెప్పక్కర్లేదు.

కూర్మయ్య మానేశాడు. పద్దెనిమిదో ఏట పిన్నీ అని పిలవడం మానేశాడు. అత్త అనే ధైర్యమూ లేదు. రెండేళ్లపాటు ఆవిడని ఏమీ పిలవకుండా, "ఇదిగో, ఇటు సూడండి" అంటూ గడిపాడు. సూరమ్మ అది గమనించింది. ఆమె తల్లి కూడా గమనించింది. ఏమీ అనలేదు.

(సభలోంచి ఒకరు: "మా ఇంట్లో ఇలాగే జరిగిందమ్మా, మా మావయ్యకి.")

చూశారా! నేను కల్పించానని అనుకుంటున్నాను, మీ ఇంట్లో జరిగిపోయింది. మీటింగు అయ్యాక నాకు ఆ కథ చెప్పాలి, మర్చిపోకండి.

ఒక్క రోజు మాత్రం వాళ్లకి ఏకాంతం దొరికింది. అది పైడితల్లి అమ్మవారి సిరిమాను సంబరంలో. దసరా వెళ్లిన మంగళవారం, పొందూరు స్టేషన్లో రైలెక్కి వీధి వీధంతా విజయనగరం పోయింది. బెజవాడ నుంచి కటకం దాకా ఈ రైలు దారి 1893, 1896 మధ్య పూర్తయింది, అప్పట్నుంచి మన పల్లె ఆడవాళ్లకి విజయనగరం ఒక పూట దూరంలోకి వచ్చింది. అంత పొడవు చింతమాను, దాని కొసన పూజారి కూర్చుని, గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతాడు. జనమంతా తలలు పైకెత్తి చూస్తున్నారు. అన్ని వేలమంది కళ్లూ మాను కొస మీద ఉన్న ఆ కాసేపు, కిందున్న ఇద్దరిని చూసేవాళ్లు లేరు. మనకి జనం మధ్యలోనే ఏకాంతం. ఆ కాసేపట్లో అతను చెప్పింది ఒకటే, రంగం పోతున్నానని. ఓలికి డబ్బు కావాలి. మగ్గం మీద అంత డబ్బు ఎన్నేళ్లకి వస్తుంది? ఆమె, "ఎప్పుడొస్తావు?" అనలేదు. "కార్డు రాస్తావా?" అంది.

కార్డు సంగతి చెప్పి ముగించేస్తాను. పోస్టుకార్డు మన దేశంలో 1879లో వచ్చింది, అప్పుడు దాని వెల ఒక కానీ, అంటే పావణా. 1930 నాటికి అర్ధణా. బర్మా 1937 ఏప్రిల్ దాకా ఇండియాలో భాగమే కాబట్టి రంగం నుంచి వచ్చే కార్డుకీ మన దేశం లోపల పంపే కార్డు ఖర్చే. మొదట నేను కథని 1938 దాకా లాగి, ఈ కార్డు ఘట్టం అక్కడ పెట్టాను. పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన రాతప్రతి చదివి, "అప్పటికి బర్మా వేరే దేశం అయిపోయిందమ్మా" అన్నారు. ఆయనకి నేను చాలా రుణపడి ఉన్నాను. ఎందుకంటే, కథని వెనక్కి జరపడానికి వెతుకుతుంటే 1930 కనబడింది. ఆ ఏడాది మే 5న బర్మాలోని పెగూలో భూకంపం వచ్చి రంగూన్ కూడా ఊగిపోయింది. అదే నెలలో రేవులో మన తెలుగు కూలీలు సమ్మె చేశారు. ఓడ కంపెనీల తరఫున వాళ్ల స్థానంలో బర్మావాళ్లని పెట్టారు. సమ్మె తీరి మనవాళ్లు తిరిగి పనికి రాగానే బర్మావాళ్లని పొమ్మన్నారు. మే 26న గొడవలు మొదలయ్యాయి. వందమందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది మనవాళ్లే. పొట్టకూటికి వచ్చిన ఇద్దరు పేదవాళ్లని ఒకరి మీదికి ఒకర్ని తోశారు. ఆ రోజుల్లో ఆ కబురు మన పల్లెలకి ఎలా చేరి ఉంటుందో తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. పేరూ ఊరూ లేకుండా, "రంగంలో మనోళ్లని నరికేత్తన్నారట" అన్న ఒక్క మాటే వచ్చి ఉంటుంది.

జూన్ నెలాఖరులో ఆ వీధికి ఒక కార్డు వచ్చింది. కార్డుకి కవరుండదు. చదువు రాని తల్లికి పోస్టుమేన్ అరుగు మీద నిలబడి గట్టిగా చదువుతాడు, వీధంతా వింటుంది. ఆ పేజీ చదువుతాను.

"చినుకులు పడుతున్నాయి. పోస్టుమేన్ అరుగు ఎక్కి, కార్డు తడవకుండా చొక్కా కింద పెట్టుకున్నది తీశాడు. కూర్మయ్య తల్లి గుమ్మంలో నిలబడిపోయింది. ఎదురు వరసలో మగ్గాలు ఒకటొకటిగా ఆగాయి.

'మా అమ్మగారి పాదములకు కూర్మయ్య నమస్కరించి రాయించునది. నేను ఇక్కడ క్షేమం. చెయ్యికి దెబ్బ తగిలింది, మానుతున్నది. నేతకు ఏమీ ఇబ్బంది లేదని డాక్టరు చెప్పినాడు. వానలు వెళ్లినాక ఓడ ఎక్కుతాను.'

తల్లి అరుగు మీద కూలబడింది. పక్కింటి అరుగు మీద సూరమ్మ తల్లి వచ్చి నిలబడి ఉంది. తలుపు వెనక సూరమ్మ, చేతిలో వాలుగ దవడ, వేళ్ల మధ్య సగం దువ్విన గింజ.

'ఇంకేటైనా ఉందా బాబూ?' అంది కూర్మయ్య తల్లి.

పోస్టుమేన్ కార్డుని వెలుతురు వైపు తిప్పాడు. 'ఉందమ్మా. చివర్న, కొస మీద ఇరికించి రాశారు. పక్కింటి అత్తకు నా నమస్కారం చెప్పవలెను.'

వీధిలో ఎవరూ మాట్లాడలేదు. తాటాకు కొసల నుంచి నీళ్లు కారుతున్నాయి. సూరమ్మ తల్లి రెండు అరుగుల మధ్యనున్న చిన్న గట్టు దాటి ఇవతలికి వచ్చింది. కూర్మయ్య తల్లి పక్కన కూర్చుని, పైట చెంగుతో మొహం తుడుచుకుని, పోస్టుమేన్ వైపు చూసింది.

'ఆ ఆకరి ముక్క ఇంకోపాలి సదువు బాబూ' అంది."